తీతువు అరిచిన రాత్రి

శ్రోతలకు నమస్కారం.

మా ఇల్లు అనంతపురం ఊరి చివర ఉంది. పక్కన ఒక ఖాళీ స్థలం, దాని నిండా కంకర, పల్లేరు ముళ్లు. రెండేళ్ల క్రితం మార్చి నెలలో ఒకరోజు తెల్లవారుజామునే పక్కింటి అవ్వ గోడ మీదుగా పిలిచింది. “సారూ, రాత్రంతా తీతువు అరిచింది, విన్నారా? ఎవరికి మూడిందో ఏమో!” అంది. నేను వినలేదు, నాది మొద్దునిద్ర. తీతువు అరిస్తే చావు కబురు వస్తుందన్న మాట మాత్రం చిన్నప్పటి నుంచీ విన్నదే. అవ్వకు ఏం చెప్పాలో తోచక, ఆ పిట్ట ఎక్కడుందో చూద్దామని కాఫీ గ్లాసు పట్టుకుని మిద్దె ఎక్కాను.

అరగంట దాకా ఏమీ కనిపించలేదు. కాఫీ అయిపోయింది. దిగిపోదామనుకుంటుండగా కంకరలో ఒక రాయి కదిలినట్టయింది. చూస్తే పిట్ట! నల్లటి తల, తెల్లటి పొట్ట, కంటి ముందు ఎర్రటి తోలు, పొడుగాటి పసుపుపచ్చ కాళ్లు. లేచి నాలుగడుగులు వేసి ఆగింది, మళ్లీ నాలుగడుగులు వేసి ఆగింది. అది లేచిన చోట నాలుగు గుడ్లున్నాయి. గూడంటూ ఏమీ లేదు. నేల మీద అరచేతి వెడల్పు గుంట, చుట్టూ గులకరాళ్లు, అంతే. గుడ్లు మట్టిరంగులో ఉన్నాయి, వాటి మీద నల్లటి మరకలు. ఒక్క క్షణం చూపు పక్కకు తిప్పానా, మళ్లీ వెతుక్కోవలసి వచ్చింది.

రాత్రి అరుపుల సంగతి అప్పుడు అర్థమైంది. వీధి కుక్క ఆ వైపు వస్తే చాలు, జంట రెండూ లేచి దాని నెత్తి మీద గిరికీలు కొడుతూ అరుస్తాయి. పిల్లి వచ్చినా అంతే, మనిషి వచ్చినా అంతే. తీతువుకు రాత్రి పూట కూడా చురుకుదనం ఎక్కువ కాబట్టి ఆ గొడవ మన నిద్రలోకి వస్తుంది. అవ్వను మిద్దె ఎక్కించి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, “పాపం, బాలింతరాలు” అంది.

ఏప్రిల్ వచ్చింది. మా ఊళ్లో ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ కంకర మీద గుడ్డు పెడితే ఉడికిపోవాలి. ఆ పిట్ట ఏం చేసిందంటే, వీధి కొళాయి దగ్గర నిలిచిన నీళ్లలో దిగి, పొట్ట ఈకలు బాగా తడుపుకుని, పరుగున వచ్చి గుడ్ల మీద కూర్చునేది. ఆరిపోయాక మళ్లీ వెళ్లేది. ఒకటి వెళ్తే రెండోది కాపలా. మనం కుండకు తడిగుడ్డ చుడతాం కదా, సరిగ్గా అదే ఉపాయం. సుమారు 4 వారాలకు పిల్లలయ్యాయి. పుట్టిన రోజే పరుగెత్తాయి. తల్లి ఒక్క కేక వేస్తే చాలు, ఉన్నచోటే రాళ్లలో రాళ్లయిపోయేవి. మూడింటిని లెక్కపెట్టగలిగాను. నాలుగోది ఏమైందో చూడలేదు.

అప్పటి నుంచి నాకు ఇదొక వ్యసనమైంది. పిట్టలను చూడాలంటే తలకోన అడవికో, నేలపట్టు చెరువుకో పోవాలని చాలామంది అనుకుంటారు. పోగలిగితే మంచిదే. కానీ ముందు మీ పెరటి మెట్టు మీద, పొద్దున 6 నుంచి 7 దాకా కదలకుండా కూర్చుని చూడండి. ఫోను లోపలే ఉంచండి. దుర్భిణి కొనడం తర్వాతి మాట.

మా మందార చెట్టుకు తేనెపిట్టలు వస్తాయి. బొటనవేలంత పిట్ట, ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది. మగది ఎండలో ఊదా రంగులో నిగనిగలాడుతుంది, ఆడది పైన గోధుమ రంగు, కింద పసుపు. వీటిని హమ్మింగ్ బర్డ్ అనేవాళ్లు ఎక్కువయ్యారు. హమ్మింగ్ బర్డ్ అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు, ఇది మన తేనెపిట్ట. గూడు కట్టేది ఆడదే. పీచు, ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు తెచ్చి సాలెగూటి దారంతో అతుకుతుంది. వేలాడే చిన్న సంచిలా ఉంటుంది, ద్వారం మీద చూరు కూడా పెడుతుంది. వసారాలో సాలెగూళ్లు దులపకపోవడానికి నాకు ఇంతకంటే మంచి సాకు దొరకలేదు. మా ఇంట్లో మాత్రం దీన్ని ఒప్పుకోలేదు.

ఇక కోకిల. పాడుతున్నది ఆడ కోకిల అనుకుంటాం. పాట మగదానిది. ఆడది ఒళ్లంతా చుక్కలతో ఉండి, కాకి గూట్లో గుడ్డు పెట్టే అదను కోసం ఆకుల చాటున నక్కి ఉంటుంది.

నీళ్ల గురించి ఒక్క మాట. వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, నిలబడడానికి ఒక రాయి వేసి, పిల్లి పొంచి ఉండే మూలలకు దూరంగా పెట్టండి. రోజూ మార్చండి, లేకపోతే దోమలను పెంచినవాళ్లమవుతాం. మొదటి వారం ఏ పిట్టా రాకపోవచ్చు. మా మూకుడుకు మొదట వచ్చింది తొండ. తర్వాత ఉడుత, ఆ తర్వాత పిచ్చుకలు. రామచిలుకలు మూకుడు దగ్గరికి రావు, జామచెట్టు మీదికే వస్తాయి, సగం కొరికి సగం పారేస్తాయి. 2018 నుంచి అది మన రాష్ట్ర పక్షి కాబట్టి ఏమీ అనలేం! దాన్ని పంజరంలో పెట్టడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి తెలిసి కూడా పెట్టేవాళ్లున్నారు.

కాస్త అలవాటయ్యాక ఊరు దాటండి. లేపాక్షికి దగ్గర్లోనే, చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా చలికాలం చివర్లో కొంగలు వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అవి సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు, కానీ ఎర్రకాళ్ల కొంగ సైబీరియా ముఖం చూసిన పక్షి కాదు. చెరువుల్లో చేపలను బట్టి ఈ దేశంలోనే తిరిగే పక్షి. దూరం నుంచి వచ్చిందంటేనే గౌరవం ఇచ్చే అలవాటు మనకు పిట్టల విషయంలోనూ ఉన్నట్టుంది.

మన కడప జిల్లా కలివికోడి సంగతి ఇంకా చిత్రం. తీతువుకు దూరపు చుట్టమే. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దాని గురించి రాశాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో మళ్లీ దొరికింది. రాత్రి పూట ముళ్లపొదల మధ్య తిరిగే పిట్ట అది. పగలు వెతికితే ఎలా దొరుకుతుంది? దాన్ని పట్టింది చేతిలో లైటుతో రాత్రి పూట వెళ్లిన స్థానికుడు. తర్వాత పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే అడుగుజాడలు వెతికేవారు పరిశోధకులు. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మారింది. గుప్పెడు పిట్ట కాలువనే పక్కకు జరిపింది.

మా పక్క స్థలంలో ఈ ఏడు పునాదులు తీశారు. కంకరంతా గుంటల్లోకి పోయింది. తీతువులు ఇక రావనుకున్నాను. పోయిన వారం ఒక రాత్రి మా మిద్దె మీదుగా అరుచుకుంటూ వెళ్లాయట, నేను మామూలుగానే నిద్రలో ఉన్నాను. పొద్దున అవ్వ గోడ దగ్గరికి వచ్చింది.

“సారూ, వచ్చాయి. ఈసారి గుడ్లు ఎక్కడ పెట్టాయో చూశారా?”