చెవులతో గీసే పటం

శ్రోతలకు నమస్కారం.

కొండ ఎక్కుతున్న బృందాన్ని ఎప్పుడైనా గమనించారా? ముందు నడిచేవారికి దారి కనిపిస్తుంది. వెనక నడిచేవారికి ముందువారి వీపు సంచి కనిపిస్తుంది. ఇక మిగిలేది కబుర్లు. కబుర్లంటే నాకూ ఇష్టమే. కానీ పది మంది కలిసి అడవిలోకి వెళ్లి, ఇంట్లో కూర్చుని చెప్పుకోగలిగిన మాటలే చెప్పుకుని దిగి వస్తే, పడ్డ శ్రమకు తగిన ఫలం దక్కలేదనిపిస్తుంది. అందుకే ఆగిన చోటల్లా ఒక ఆట ఆడమంటాను.

ఇలాంటి ఆటలు చాలా ఉన్నాయి. కళ్లకు గంతలు కట్టుకుని ఒక చెట్టును తడిమి, గంతలు విప్పాక అదే చెట్టును వెతికి పట్టుకోవడం ఒకటి. రాలిన ఆకులు, కాయలు, గులకరాళ్లు కొన్ని కాసేపు చూపించి, వాటిమీద గుడ్డ కప్పి, అలాంటివే చుట్టుపక్కల ఏరుకు రమ్మనడం ఇంకొకటి. అన్నీ బాగుంటాయి. కానీ ఇది రేడియో. మీ చెవి ఇప్పుడు నా దగ్గరుంది కాబట్టి, చెవితో ఆడే ఆట గురించే చెబుతాను.

తలా ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు. కాగితం మధ్యలో ఇంటూ గుర్తు వేయండి. ఆ గుర్తే మీరు. ఒకరికొకరు కాస్త ఎడంగా కూర్చుని కళ్లు మూసుకోండి. ఏదైనా శబ్దం వినగానే అది ఏ దిక్కు నుంచి, ఎంత దూరం నుంచి వచ్చిందో అంచనా వేసి, ఆ చోట ఒక గుర్తు పెట్టండి. గాలికి రెండు వంకర గీతలు, నీటికి ఒక అల, పిట్ట కూతకు ఒక టిక్కు. బొమ్మలు వేయకండి. బొమ్మ మీద ధ్యాస పడితే చెవి పని మానేస్తుంది. పిట్ట పేరు తెలియకపోయినా ఫరవాలేదు, అది తర్వాత చూసుకోవచ్చు.

ఒక్కటే షరతు. కూర్చోగానే గీయడం మొదలుపెట్టకండి. మొదట వినిపించేదంతా మన చప్పుడే: మన ఆయాసం, సంచి జిప్పు, ఎవరిదో దగ్గు. పైగా మనం రాగానే దగ్గరలోని జీవాలన్నీ గప్‌చుప్ అయిపోతాయి. కీచురాయి మన అడుగుల అదురును పసిగట్టి ఆపేస్తుంది. అది అరిచేది నోటితో కాదు, రెక్కకు రెక్క రాసి. అదీ మగదే. ఆ రెక్కలు మళ్లీ కదలాలంటే మనం కదలకూడదు. నాలుగైదు నిమిషాలు ఊరికే ఉండండి. మళ్లీ చెబుతున్నాను, ముందు ఊరికే కూర్చోండి.

కుడివైపు శబ్దం కుడి చెవిని ముందుగా చేరుతుంది, ఎడమ చెవిని ఆ తర్వాత. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా మన మెదడు దాన్ని పట్టుకుంటుంది! శబ్దం సరిగ్గా ఎదురుగానో, సరిగ్గా వెనకగానో ఉంటే మాత్రం రెండు చెవులకూ ఒకేసారి అందుతుంది కాబట్టి తడబడతాం. అప్పుడు తల కాస్త పక్కకు తిప్పితే సంగతి తేలిపోతుంది. అరచేతులు దొప్పల్లా మడిచి చెవుల వెనక ఆనించి చూడండి, ఎదుటి శబ్దాలు ఒక్కసారిగా దగ్గరవుతాయి.

అసలు సరదా కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడు మొదలవుతుంది. ఒకరి కాగితం నిండా పిట్టలు, ఇంకొకరి కాగితంలో ఒక్క వాగే. ఒకే చోట కూర్చున్నారా అని అనుమానం వస్తుంది. అప్పుడు రెండో అంకం. దూరంగా వడ్రంగి పిట్ట టకటకమంటోందనుకోండి. ఇద్దరు బాగా ఎడంగా నిలబడి, కళ్లు మూసుకుని, ఆ చప్పుడు వచ్చే వైపు చెయ్యి చాపాలి. ఆ రెండు చేతుల దిక్కులూ ఎక్కడ కలుస్తాయో మూడో మనిషి చూడాలి. అక్కడి చెట్ల మానుల మీద వెతికితే పిట్ట దొరికే అవకాశం ఎక్కువ. ఇదే పని కీచురాయితో చేసి చూడండి, పది మంది పది వైపులకు చూపిస్తారు. ఎడతెగని సన్నని మోత కదా, చెవికి పట్టు దొరకదు. నవ్వుకోవడానికి మాత్రం అదే మంచిది.

ఫోనులో పిట్ట కూత వినిపించి పిట్టలను పిలిచే ఉత్సాహం కొందరికి ఉంటుంది. దయచేసి వద్దు. తన హద్దులోకి మరో పిట్ట చొరబడిందనుకుని, అది చేస్తున్న పని వదిలి పోట్లాటకు వస్తుంది. గూట్లో పిల్లలున్న కాలమైతే మరీ అన్యాయం.

గాలి హోరుగా ఉన్న రోజున, పెద్ద వాగు పక్కన ఈ ఆట సాగదు. అలాంటప్పుడు చెట్టును తడిమే ఆట ఆడుకోండి. అయితే గంతలు కట్టే ముందు బృందంలో పెద్దవారెవరైనా ఆ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చీమలు, ముళ్లు, కందిరీగలు, కారే పాలు లేవని చూసుకోవాలి.

ఉంటాను, నమస్కారం.