రంగు పోయిందంటే నీళ్లు బాగుపడ్డట్టేనా?

(తెర మీద: అద్దకపు గంగాళం. పట్టు నూలు పైకి తీశాక మిగిలిన ముదురు ఎరుపు నీళ్లు.)

నమస్కారమండీ. ఇది ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురం. చాలా వీధుల్లో తెలుగే వినిపిస్తుంది. ఇక్కడి పట్టుచీరకి జీఐ గుర్తింపు ఉంది. చీర గురించి అందరూ చెబుతారు, మనం ఈ మిగిలిన నీళ్ల గురించి మాట్లాడుకుందాం.

కాస్త పొడి కలిపి ఎండలో పెడితే రంగు పోతుందని చూపించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ పొడి పేరు ఫోటోక్యాటలిస్ట్, అంటే వెలుతురుతో రసాయన చర్యను నడిపించే పదార్థం. అందులో రంగు పోవడం నిజమే. అయితే చూడాల్సింది రంగొక్కటే కాదు.

(తెర మీద: తెల్లటి పొడి, దగ్గరగా.)

ఇది టైటానియం డయాక్సైడ్. గోడల పెయింట్‌కి తెలుపునిచ్చేది ఇదే. తగిన వెలుతురు పడితే దీనిలో ఒక ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీటి నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటే హైడ్రాక్సిల్ రాడికల్ అనే చాలా చురుకైన కణం పుడుతుంది. అది అంటుకున్న రంగు అణువు ముక్కలైపోతుంది. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా ఈ పదార్థంతోనే నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టినట్టు ప్రకటించారు.

చిక్కేమిటంటే, దీన్ని కదిలించేది అతినీలలోహిత కాంతి మాత్రమే. మన ఎండలో అది 5 శాతం లోపే. పైగా లేచిన ఎలక్ట్రాన్లలో చాలావరకు పని జరగకముందే తిరిగి ఆ ఖాళీల్లోకే పడిపోతాయి. యాభై ఏళ్లుగా పరిశోధకుల పోరాటమంతా ఈ రెండింటి మీదే.

మొదటిదానికి నాకు బాగా నచ్చిన జవాబు కార్బన్ నైట్రైడ్. పొలంలో చల్లే యూరియా లాంటి దాన్ని మూత పెట్టిన మూసలో సుమారు 550 డిగ్రీల దాకా కాలిస్తే ఈ పసుపు పొడి మిగులుతుంది. ఇది నీలి కాంతిని కూడా పట్టుకుంటుంది. ఖరీదైన లోహం అక్కర్లేదు. దీనితో నీరు, ఆక్సిజన్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేసే పని కూడా సాగుతోంది.

రెండోదానికి, పొడి రేణువు ఒక ముఖం మీద ఎలక్ట్రాన్లు, ఇంకో ముఖం మీద ఖాళీలు చేరేలా వేర్వేరు లోహాలు అద్దుతారు. స్ట్రాన్షియం టైటనేట్ అనే ఇంకో పొడితో 2020లో జపాన్ శాస్త్రవేత్త డోమెన్ బృందం అలా చేసి, పడిన అతినీలలోహిత కాంతిలో 96 శాతం దాకా నీటిని విడగొట్టే పనికి వాడుకోగలిగినట్టు చూపించింది. మరుసటి ఏడాది ఆ పొడి పూసిన పలకల్ని మొత్తం 100 చదరపు మీటర్ల మేర ఆరుబయట ఎండలో పెడితే, సౌరశక్తిలో హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతమే. ల్యాబ్‌కీ ఎండకీ ఉన్న దూరం అంత!

(తెర మీద: నీలి రంగు కలిపిన గాజు గ్లాసు.)

ఇక పరీక్షల సంగతి. ఎక్కువమంది మిథిలీన్ బ్లూ రంగుతో పరీక్షిస్తారు. కానీ ఆ రంగే వెలుతురు పీల్చి తనకు తాను కొంత వెలిసిపోతుంది. అది పొడి గొప్పతనం కాదు. రంగు పోయాక కూడా ముక్కలు నీళ్లలో ఉండొచ్చు, వాటిలో కొన్ని విషపూరితం కావచ్చు. అందుకే ఆ ముక్కల్లోని కార్బన్ నీళ్లలో ఎంత మిగిలిందో కొలిచి చూపించమని అడగాలి. ఆ పొడి ఎన్నిసార్లు పనికొస్తుందో, నీళ్లలోంచి వెనక్కి ఎలా తీస్తారో కూడా అడగాలి.

అద్దకపు నీళ్లు అసలే ముదురు, వెలుతురు లోపలికి దిగదు. సబ్బు, ఉప్పు కూడా రాడికల్స్‌ని తినేస్తాయి. కాబట్టి ముందు పటిక వేసి మడ్డి దింపి, బ్యాక్టీరియా శుద్ధి చేసి, చివర్లో మిగిలినదానికే ఈ పొడి వాడాలి. అదీ గాజు పలకకి అంటించి, నీళ్లు దాని మీద పలచగా పారేలా.

బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ అద్దకం చేసే అన్నలూ అక్కలూ, మీ గంగాళంలో ఏ రంగు, ఏ ఉప్పు, ఎంత సోడా పడుతుందో కింద రాయండి. పరీక్ష జరగాల్సింది ఆ నీళ్ల మీద.