కథలోకి పదిమంది ఎందుకు?

అందరికీ నమస్కారం. నన్ను పిలవడానికి వచ్చినప్పుడు మీ వాళ్ళు ఒక మాట అన్నారు. "సార్, మా బ్యాచ్‌లో ఆరుగురం కలిసి ఒక కథ గేమ్ చేస్తున్నాం. అందులో మల్టీప్లేయర్, అంటే నెట్‌లో నలుగురూ కలిసి ఆడే భాగం, పెట్టాలా వద్దా అని రోజూ గొడవే. మీరొచ్చి తేల్చండి" అని. తేల్చడం నా వల్ల కాదు గానీ, నేను ఎటువైపో ముందే చెప్పేస్తాను. చాలాసార్లు వద్దు. ఎప్పుడో ఒకసారి మాత్రం, తప్పకుండా కావాలి.

మేం చదువుకునే రోజుల్లో గుంటూరు బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకి 20 రూపాయలు. ఐదుగురం వెళితే అందరి జేబులూ కలిపి ఒక్క కంప్యూటర్‌కే సరిపోయేవి. ఒకడు కుర్చీలో కూర్చుని వైస్ సిటీ ఆడేవాడు, మిగిలిన నలుగురం వాడి వెనక నిలబడేవాళ్ళం. "ఒరేయ్, సందులోకి తిప్పు." "మూడు స్టార్లు పడ్డాయ్ రా, పోలీసులొస్తున్నారు, కారు మార్చెయ్." మిషన్ ఫెయిల్ అయితే లేచి కుర్చీ ఇంకొకడికి ఇవ్వాలి, అదీ రూలు. ఒక్కడు ఆడటానికి తీసిన గేమ్‌ని మేం ఐదుగురం ఆడాం. కథ మా అందరికీ ఒకటే, దెబ్బలాట కుర్చీ కోసమే.

అలాంటి కథ గేముల్లోకి మల్టీప్లేయర్ ఎందుకొచ్చి చేరింది? 2009 నుంచి 2013 దాకా వచ్చిన పెద్ద గేములు చూడండి. బయోషాక్ 2, డెడ్ స్పేస్ 2, టూంబ్ రైడర్, గాడ్ ఆఫ్ వార్: అసెన్షన్. అన్నిట్లోనూ మెనూలో కథ కింద మల్టీప్లేయర్ అని ఇంకో లైను ఉంటుంది. దాని వెనక ఉన్నది కళ కాదండీ, పాత డిస్కుల బేరం. అప్పట్లో అమెరికాలో కొత్త గేమ్ డిస్క్ 60 డాలర్లు. పది పన్నెండు గంటల్లో కథ అయిపోతే, కొన్నవాడు వారం తిరక్కుండా దాన్ని షాపులో ఇచ్చేసేవాడు. షాపువాడు అదే డిస్క్‌ని సెకండ్ హ్యాండ్‌లో ఇంకొకరికి అమ్మేవాడు. ఆ రెండో అమ్మకంలో గేమ్ తీసినవాళ్ళకి పైసా రాదు. మల్టీప్లేయర్ ఉంటే డిస్క్ ఇంట్లోంచి కదలదని కంపెనీల లెక్క. 2010లో ఈఏ అనే పెద్ద గేమ్ కంపెనీ తన స్పోర్ట్స్ గేములకి ఆన్‌లైన్ పాస్ కూడా పెట్టింది. కొత్త డిస్క్‌తో ఒక కోడ్ వస్తుంది, పాత డిస్క్ కొన్నవాడు ఆన్‌లైన్ ఆడాలంటే ఇంకో 10 డాలర్లు కట్టాలి. జనం విసుక్కున్నారు, 2013లో వాళ్ళే దాన్ని ఎత్తేశారు.

ఈ లెక్క ఒక కథని ఏం చేసిందో చూడాలంటే 2012లో వచ్చిన స్పెక్ ఆప్స్: ది లైన్ ఆడండి. ఇసుక తుఫానులో కూరుకుపోయిన దుబాయ్. మీరు కెప్టెన్ వాకర్. ఒకచోట ఎదుటి సైన్యం ఎక్కువగా ఉందని తెల్ల భాస్వరం గుండ్లు వేస్తారు. తెర మీద కనబడేది పైనుంచి తీసిన నలుపు తెలుపు బొమ్మ, అందులో తెల్లటి చుక్కలు. చుక్కల మీద గురిపెట్టి నొక్కుతారు. తర్వాత గేమ్ మిమ్మల్ని ఆ పొగలోంచి మెల్లగా నడిపిస్తుంది. ఆ చుక్కల్లో చాలామంది అక్కడ తలదాచుకున్న మామూలు జనం. ఒక తల్లి బిడ్డ కళ్ళు మూసినట్టే కాలిపోయి ఉంటుంది. నేను కంట్రోలర్ కింద పెట్టేసి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను.

ఆ తర్వాత మెయిన్ మెనూకి వస్తే మల్టీప్లేయర్ రమ్మంటుంది. అదే దుబాయ్, అవే శిథిలాలు. ఇక్కడ మనిషిని చంపితే పాయింట్లు, పాయింట్లు పెరిగితే లెవెల్. తుపాకీ పట్టుకున్నందుకు సిగ్గుపడమని కథ చెబుతుంటే, పక్క గదిలో అదే పనికి చప్పట్లు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు లేదూ? ఆ భాగం చేసింది అసలు టీమ్ కూడా కాదు, వేరే స్టూడియోకి ఇచ్చి చేయించారు. అమ్మకాల అంచనాల కాగితంలో ఒక గడి నింపడానికే దాన్ని పెట్టారని ఆ గేమ్ ముఖ్య డిజైనర్ కోరీ డేవిస్ తర్వాత బాహాటంగానే అన్నారు.

మాస్ ఎఫెక్ట్ 3 ఇంకో రకం. మూడు గేముల పాటు ఒక్కరే నడిపించుకొచ్చిన కథ. చివరి యుద్ధానికి మీరు కూడగట్టిన బలాన్ని సంసిద్ధత అనే శాతంతో తగ్గించి లెక్కేస్తారు. అది 50 దగ్గర మొదలవుతుంది, పెరగాలంటే ప్రధానంగా మల్టీప్లేయర్ ఆడాలి. కథ మీద ప్రేమతో వచ్చినవాడిని మ్యాచుల్లోకి తోశారన్నమాట. గోల అయ్యాక, మంచి ముగింపుకి కావలసిన బలం హద్దుని అదే ఏడాది తగ్గించారు. 2021లో మూడు గేములనూ కలిపి మళ్ళీ తెచ్చినప్పుడు మల్టీప్లేయర్ ఊసే లేదు. కథకి ఏ లోటూ రాలేదు.

మరి కావాలన్నానే, అది ఎప్పుడు? 2013లో ద లాస్ట్ ఆఫ్ అస్ వచ్చింది. అందులో ఫ్యాక్షన్స్ అని, నలుగురి మీద నలుగురు ఆడే మల్టీప్లేయర్ భాగం ఉంది. మీ వెనక ఒక చిన్న గుంపు బతుకుతుంటుంది, వాళ్ళకి తిండి మీరే తేవాలి. ఒక మ్యాచ్ ఆడితే వాళ్ళకి ఒక రోజు గడుస్తుంది. 12 వారాలు నెట్టుకురావాలి. తూటాలు లెక్కగా దొరుకుతాయి, కట్టు కట్టుకోవాలంటే నడి రోడ్డు మీద కూర్చుని గుడ్డ చుట్టుకోవాలి, ఆ లోపల ఎవడైనా వస్తాడేమోనని టెన్షన్. కథలో హీరో జోయెల్ పడ్డ కరువే ఇక్కడా. ఇది కథ వండిన పొయ్యి మీదే వండిన కూర.

అంత బాగా చేసినవాళ్ళే తర్వాత ఏం చేశారో కూడా వినండి. 2020లో రెండో భాగాన్ని మల్టీప్లేయర్ లేకుండా విడుదల చేశారు. దాన్ని విడిగా పెద్ద గేమ్‌గా తెస్తామని ఏళ్ళ తరబడి పనిచేసి, 2023 డిసెంబర్‌లో ఆపేశారు. అది నడపాలంటే స్టూడియో మొత్తం ఏళ్ళ పాటు దానికే అంకితం కావాలి, ఒంటరి కథ గేములు దెబ్బతింటాయి అని ఆ గేమ్ తీసిన స్టూడియో నాటీ డాగ్ స్వయంగా చెప్పింది. అంత పెద్ద స్టూడియోకే చేతకాని పని ఆరుగురు ఎలా మోస్తారో కాస్త ఆలోచించుకోండి, బాబూ.

జీటీఏ 5 గేమ్‌కి మల్టీప్లేయర్‌గా వచ్చిన జీటీఏ ఆన్‌లైన్ సంపాదించడం లేదా అని వెనక వరుసలో ఎవరో అడగబోతున్నారు. సంపాదించింది, బోలెడంత. కానీ జీటీఏ 5 కథకి వస్తాయన్న కొత్త అధ్యాయాలు మాత్రం ఎన్నటికీ రాలేదు.

ఇంకోటి. మల్టీప్లేయర్‌ని నడిపేది కంపెనీ దగ్గరుండే కంప్యూటర్, అదే సర్వర్. సర్వర్ అంటే కరెంటు బిల్లు. కట్టేవాడు ఆపేసిన రోజున ఆట పోతుంది. అసాసిన్స్ క్రీడ్: బ్రదర్‌హుడ్‌లో జనంలో జనంలా నడుస్తూ, ఎదురొచ్చేది మనిషో కంప్యూటరో కనిపెట్టే మల్టీప్లేయర్ ఉండేది. నాకు ప్రాణం. 2022లో ఆ సర్వర్లు ఆపేశారు. అందులోని రోమ్ నగరం, హీరో ఎజియో కథ నా డిస్క్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

ఇక చివరగా, 2012లో వచ్చిన జర్నీ. ఎడారి, దూరంగా కొండ, ముసుగు వేసుకున్న మీరు. నడుస్తుంటే ఇంకో ముసుగు మనిషి ఎదురవుతాడు. వాడు ప్రపంచంలో ఎక్కడో ఉన్న నిజం మనిషి. పేరు కనబడదు, మాట్లాడే వీల్లేదు, ఒక చిన్న కూత మాత్రం పెట్టగలరు. పోటీ లేదు, పాయింట్లు లేవు. ఆనుకుని నడిస్తే మెడకి ఉన్న కండువాలో మళ్ళీ వెలుగు నిండుతుంది. మంచు కొండ మీద గాలి కొట్టినప్పుడు ఇద్దరం ఒకరికొకరం అతుక్కుని నడిచాం. ఒక మలుపులో నేను వెనకబడితే వాడు ఆగి, కూత పెడుతూ నిలబడ్డాడు. అన్నీ అయ్యాక, పేర్లు పడే చోట, దారిలో కలిసినవాళ్ళ పేర్లు వచ్చాయి. అప్పుడు తెలిసింది వాడి పేరు.

ఆ గేమే ఇవాళ ఈ ప్రొజెక్టర్‌కి పెట్టించాను. రెండు గంటల్లో అయిపోతుంది. కంట్రోలర్ మాత్రం ఒక్కటే ఉంది. ముందు వరుస వాళ్ళు మొదలుపెట్టండి, దారి తప్పితే కుర్చీ పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాలి.