“ఒక్క గడి పెట్టు బాబూ, చిన్నదే”

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఉద్యోగంలో చేరి ఏడాది, రెండేళ్లే అయిందని చెప్పారు. అందుకే ప్రాసెస్‌ల పేర్లు పక్కనబెట్టి, క్లయింటు మధ్యలో అడిగిన ఒక చిన్న మార్పు వల్ల నా చేతుల్లో ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు సంగతి చెబుతాను.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారికి పట్టీలు రాసే సాఫ్ట్‌వేర్ చేస్తామని ఒప్పుకున్నాం. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెస్తాడు, ధర ఖాయమవుతుంది, కాటా వేస్తారు, కమీషన్, హమాలీ ఖర్చులు పోను ఎంత వస్తుందో పట్టీ రాసిస్తారు. యజమానితో రెండు మధ్యాహ్నాలు కూర్చుని అంతా రాసుకున్నాం. సంక్రాంతికి ఇచ్చేస్తామన్నాం. ఆ తర్వాత యార్డుకి సరుకు పోటెత్తుతుంది మరి.

డిసెంబరు చివర్లో ఆయన ఫోన్ చేశారు. “పట్టీలో అడ్వాన్సు మినహాయించడానికి ఒక్క గడి పెట్టు బాబూ, చిన్నదే.”

“అలాగేనండీ, రెండ్రోజుల్లో అయిపోతుంది” అన్నాను. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

మర్నాడు షాపుకెళ్లి, పట్టీలు రాసే గుమాస్తా పక్కన కూర్చున్నాను. ఆ పెద్దాయన ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తెరిచి ఒక రైతు పేజీ చూపించారు. జూలైలో విత్తనాలకి కొంత, సెప్టెంబరులో పురుగు మందులకి కొంత తీసుకున్నాడు. వడ్డీ దేనికది, తేదీ నుంచి తేదీకి. మూడు కోతల సరుకు మూడుసార్లు తెస్తాడు. మొదటి పట్టీలో సగం పట్టుకోమంటాడు, రెండోదాంట్లో కూతురి ఫీజు కట్టాలి, వద్దంటాడు. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీల మీద ఇంకో అప్పు. నేను ఒప్పుకున్న ఒక్క గడి వెనక పూర్తి అప్పుల ఖాతా ఉంది. రెండ్రోజులన్నది ఐదు వారాలైంది. జనవరి నెలాఖరు రద్దీలో ఆ పెద్దాయన రాత్రి పదింటిదాకా చేత్తోనే పట్టీలు రాశారు. రైతులు బయట అరుగు మీద కూర్చుని ఎదురుచూశారు. అది నేను కళ్లారా చూశాను.

యజమాని తప్పేం లేదు. రోజూ చేసే పని కాబట్టి ఆయనకది నిజంగానే చిన్నది. పట్టీ రాసే మనిషిని నేను ముందే అడగాల్సింది.

పెద్దపెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. అమెరికాలో దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తన కేసు ఫైళ్ల కోసం 2001లో ‘వర్చువల్ కేస్ ఫైల్’ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టించింది. సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసే రిక్వైర్‌మెంట్ల పత్రమే 800 పేజీలు దాటింది. అయినా మార్పులు వస్తూనే ఉన్నాయి. దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేశారు. పేజీలు పెరిగినంత మాత్రాన స్పష్టత వస్తుందని నేను నమ్మను.

ఇప్పుడు నేను ఫోన్‌లో అవుననీ అనను, కాదనీ అనను. “చూసి సాయంత్రానికి చెబుతానండీ” అంటాను. ఆ స్క్రీన్ వాడబోయే మనిషికి ఫోన్ చేస్తాను. తర్వాత డెవలపర్లతో, టెస్టింగ్ వాళ్లతో కలిసి రోజులు లెక్కేస్తాను. టెస్టింగ్ వాళ్లని మాత్రం మర్చిపోకండి. కోడ్ మార్చడానికి ఒక పూట చాలు, కానీ పాత పట్టీలన్నీ సరిగ్గా వస్తున్నాయో లేదో మళ్లీ చూడటానికి మూడు రోజులు పడుతుంది. సాయంత్రం నాలుగు ముక్కలు రాసి పంపుతాను: మీరడిగింది ఇది, ఇన్ని రోజులు పడుతుంది, తేదీ మారకూడదంటే మిగతా ఈ పనుల్లో ఒకటి వెనక్కి జరపాలి, ఏది జరపమంటారు? జవాబు వచ్చేదాకా ఎవరూ కోడ్ ముట్టుకోరు.

మీలాంటి కొత్తవాళ్లకి ఇక్కడ మొహమాటం అడ్డొస్తుంది. క్లయింటు నేరుగా మీకే చెబుతారు, పాపం అడిగారు కదా అని టీమ్ లీడ్‌కి చెప్పకుండా రాత్రి కూర్చుని చేసిపెడతారు. మీ మంచితనం నాకు తెలుసు. కానీ ఆ మార్పు సంగతి టెస్టింగ్ వాళ్లకి తెలియదు, అది బయటపడేది రిలీజ్ ముందురోజు. దయచేసి అలా చేయకండి.

మరుసటి ఏడాది డిసెంబరులో అదే యజమాని, పట్టీ వివరాలు రైతు ఫోన్‌కి మెసేజ్ వెళ్లాలన్నారు. ఆరు రోజులు పడుతుంది, సంక్రాంతికే కావాలంటే కోల్డ్ స్టోరేజీ రిపోర్టు ఆపాలి అని రాశాను. పావుగంటలో ఫోన్ వచ్చింది. “ఆ రిపోర్టు మార్చిదాకా నాకక్కర్లేదు. మెసేజే కానివ్వు.”

పండగ వెళ్లిన వారానికి నేను షాపులోనే ఉన్నాను. ఒక రైతు అదే అరుగు మీద కూర్చుని ఫోన్ కొడుకు చేతికిచ్చాడు. ఆ పిల్లాడు టిక్కీలెన్ని, ధరెంత, అడ్వాన్సు పోగా చేతికి వచ్చేదెంత, అన్నీ గట్టిగా చదివి వినిపించాడు.