ఆవును చంపి చెప్పులు దానం: ఎల్వా నది బయటపెట్టిన హేచరీ గుట్టు

అందరికీ నమస్కారం. ముందు ఈ ఫొటో చూడండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఇది స్టీల్‌హెడ్, సాల్మన్‌లాగే నదిలో పుట్టి, సముద్రానికి వెళ్లి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికి ఎదురెక్కే చేప. పోయిన జనవరిలో, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం ఫోర్క్స్ ఊరి పక్కన బోగషీల్ నదిలో నా గాలానికి పడింది. వీపు మీద పెద్ద రెక్క అంచు చూడండి, పాత చీపురులా అరిగి వంకర తిరిగిపోయింది. హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి చేపపిల్లలను పెంచే చోట, సిమెంటు తొట్టిలో వేల చేపల మధ్య ఒరుసుకుంటూ పెరిగితే ఇలాగే అవుతుంది. ఇప్పుడు తోక వైపు రండి. తోకకు కాస్త ముందు, బొటనవేలి గోరంత మెత్తటి రెక్క ఇంకొకటి ఉండాలి. కొవ్వు రెక్క అంటారు. ఉందా? నున్నటి మచ్చ తప్ప ఏమీ లేదు. వేలెడంత పిల్లగా ఉన్నప్పుడే కోసేసి నదిలో వదిలారు. నాలాంటివాడి చేతికి చిక్కినప్పుడు ఇది హేచరీ చేప, ఇంటికి తీసుకుపోవచ్చు అని గుర్తుపట్టడానికి ఆ కోత. రెక్క ఉంటే నదిలో పుట్టిన చేప అన్నమాట. దాన్ని నీళ్లలోంచి పూర్తిగా పైకి ఎత్తడం కూడా ఇక్కడ చట్టప్రకారం తప్పే. నీళ్లలోనే కొక్కెం తీసి వదిలేయాలి.

పోయిన వీడియోలో, వాషింగ్టన్ రాష్ట్రం తీరంలో స్టీల్‌హెడ్ హేచరీలు మూసేయాలి అన్నాను. అంతే, తిట్ల వాన. ఒకాయన రాశారు: "హేచరీ మూసేస్తే ఆ చలిలో నడుము లోతు నీళ్లలో నిలబడి ఏం పడతావు తమ్ముడూ, గులకరాళ్లా?" బాగుంది, నవ్వుకున్నాను. కానీ అన్నగారూ, ఈ రోజు నా మాట వెనక్కి తీసుకోను, ఇంకో మెట్టు ఎక్కుతాను. హేచరీ అంటే చేపలను కాపాడే చోటు అనుకుంటున్నారు మీరు. అది లంచం. నదిని చంపినవాడు నోరు మూయించడానికి ఇచ్చిన లంచం. మన పెద్దలు ఊరికే అనలేదు, ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టు అని. ఆ చెప్పుల పేరే హేచరీ.

రుజువు కావాలా? నా వెనక పారుతున్నదే రుజువు. ఇది ఎల్వా నది. ఒలింపిక్ ద్వీపకల్పం ఉత్తర కొసన, పోర్ట్ ఏంజెలెస్ ఊరి పక్కన సముద్రంలో కలుస్తుంది. మేము మాడిసన్ జలపాతం దగ్గర ఉన్నాం. ఇక్కడి నుంచి పైకి రోడ్డును నది ఎప్పుడో కొట్టుకుపోయింది, కార్లు వెళ్లవు. కెమెరా పట్టుకున్నది మా బావ. ఆయనకు చేప వాసన పడదు, అయినా వచ్చారు.

1910లో థామస్ ఆల్డ్‌వెల్ అనే పెద్దమనిషి, సముద్రానికి 8 కిలోమీటర్ల దూరంలో ఈ నదికి అడ్డంగా ఆనకట్ట మొదలుపెట్టాడు. కరెంటు కోసం. అప్పటికి 20 ఏళ్ల ముందే, 1890లోనే, ఈ రాష్ట్రంలో చట్టం ఉంది: చేపలు ఎదురెక్కే నదికి అడ్డం కడితే చేపలు ఎక్కడానికి మెట్లు కూడా కట్టాలి. ఆల్డ్‌వెల్ కట్టలేదు. 1911లోనే ఇక్కడి వేట అధికారి పైవాళ్లకు లేఖ రాశాడు, ఆనకట్ట కింద వేల సాల్మన్లు గుంపు కట్టి ఉన్నాయి, పైన వెతికితే ఒక్కటి లేదు అని. ఎవరైనా కదిలారా? 1912 అక్టోబరులో నదే కదిలింది. ఆనకట్ట అడుగు తన్నుకుని నీళ్లన్నీ ఒక్కసారిగా కిందకు వచ్చేశాయి. నేనైతే దాన్ని నది ఇచ్చిన నోటీసు అంటాను. వాళ్లు రాళ్లూ దుంగలూ కుక్కి, 1913లో పని పూర్తి చేశారు. ఎత్తు 108 అడుగులు. మెట్లు? ఇప్పుడూ లేవు.

ఇక్కడ వస్తాడు అసలు మనిషి. లెస్లీ డార్విన్, రాష్ట్రానికి చేపల కమిషనర్. పేరు చూసి మోసపోకండి, ఆ డార్విన్ కాదు. చట్టం అమలు చేయించాల్సిన మనిషి ఈయన. ఆయన ఏమన్నాడో తెలుసా? మెట్లు కట్టక్కర్లేదు, పక్కన ఒక హేచరీ పెడదాం, గుడ్లు తీసుకోవడానికి చేపలను ఆపే అడ్డుగోడగా మీ ఆనకట్టనే లెక్క చూపిద్దాం అన్నాడు. అర్థమైందా? దారి మూసినవాడే చేపలు పట్టే సాయం చేసినట్టు కాగితం మీద రాసుకున్నారు. 1915లో ఏకంగా చట్టాన్నే మార్చారు, మెట్లకు బదులు హేచరీ పెట్టినా చాలు అని. సరే, ఆ హేచరీ అయినా నడిచిందా? 1922లో మూసేసి చేతులు దులుపుకున్నారు. ఏడేళ్లు! ఆనకట్ట మాత్రం వందేళ్లు నిలబడింది. చెప్పులు ఏడేళ్లలో తెగిపోయాయి, ఆవు మాత్రం తిరిగి రాలేదు.

తర్వాత 1927లో ఎగువన గ్లైన్స్ కాన్యన్ ఆనకట్ట, 210 అడుగులు. దానికీ మెట్లు లేవు. 110 కిలోమీటర్లకు పైగా నదీ, వాగులూ చేపలకు మూతపడ్డాయి. ఏటా సుమారు 4 లక్షల చేపలు వచ్చేవని అంచనా ఉన్న నది ఇది. 100 పౌండ్ల చినూక్ రకం సాల్మన్లు ఎక్కేవని పేరు. 45 కిలోలు! మా బావ బరువులో సగం కన్నా ఎక్కువ. అలాంటి నదికి చివరికి మిగిలింది ఏటా కొన్ని వేలు. ఆ కరెంటుతో ఏం చేశారు? కాగితం మిల్లు నడిపారు.

ఇది ఒక్క నది కథ అనుకుంటే పొరపాటు. ఇదే రాష్ట్రంలో కొలంబియా నది మీద గ్రాండ్ కూలీ డ్యామ్ కట్టారు, చేపలకు దారి లేదు. బదులుగా ఏమిచ్చారు? లీవెన్‌వర్త్‌లో హేచరీ. మన తెలుగువాళ్లందరూ డిసెంబరులో క్రిస్మస్ దీపాలు చూడటానికి వెళ్తారే, ఆ లీవెన్‌వర్తే. దీపాల ముందు ఫొటోలు దిగి వస్తాం, ఆ హేచరీ దేనికి పరిహారమో ఎవరూ అడగరు.

ఫొటోలంటే గుర్తొచ్చింది, సియాటిల్ పక్కన ఇసాక్వా ఊరు. అక్టోబరు మొదటి శని, ఆదివారాల్లో సాల్మన్ పండుగ జరుగుతుంది. మన వాళ్లు పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని హేచరీ వంతెన మీద నిలబడతారు. నేనూ నిలబడ్డాను, మా అమ్మాయిని ఎత్తుకుని. కింద చేపలు సిమెంటు మెట్ల మీదకు ఎగిరి ఎగిరి పడుతుంటే అందరూ చప్పట్లు. మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మెట్లు ఎక్కాక ఎక్కడికి వెళ్తాయి?" మెట్లు ఎక్కిన చేప తొట్టిలోకి వెళ్తుంది. తొట్టిలో దాని పొట్ట కోసి గుడ్లు తీస్తారు. ఆరేళ్ల పిల్లకు ఏం చెప్పమంటారు? ఐస్‌క్రీం కొనిచ్చాను. ఆ హేచరీ 1936 నాటిది. చెట్లు నరికి, బొగ్గు గనులు తవ్వి వాగును పాడుచేశాక కట్టింది. అదే వరస, గమనించారా? ముందు ఆవు, తర్వాత చెప్పులు.

మీలో కొందరు ఈపాటికి పులస గురించి టైపు చేస్తుంటారు, నాకు తెలుసు. రాయండి. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలి అన్న జాతి మనది. సముద్రంలో ఉన్నప్పుడు విలస, గోదావరి ఎర్రనీటికి ఎదురీదితే పులస. ఉప్పునీటి నుంచి తీపినీటికి వచ్చి గుడ్లు పెట్టడంలో సాల్మన్‌కు వరసకు అక్కచెల్లెలే. అదీ ధవళేశ్వరం దగ్గర గోడకు తల కొట్టుకుంటుంది. కాటన్ దొరను నేను తిట్టను. మా తాతల నాటి అన్నం ఆయన నీళ్లతో పండింది, ఇంట్లో ఆయన ఫొటో ఉంది. కానీ దొర ఆనకట్ట కట్టి పొలాలకు నీళ్లిచ్చాడు, కాగితం మిల్లుకు కాదు. ఆ మాట అనేసి పక్కకు జరుగుతున్నాను, లేకపోతే ఈ వీడియో గోదావరిలో కొట్టుకుపోతుంది.

మళ్లీ హేచరీకి వద్దాం. చేప చేపే కదా, తొట్టిలో పుడితే ఏమైంది అంటారు. నాటుకోడి, బ్రాయిలర్ కోడి ఒకటేనా? ఈ రాష్ట్రంలో ఏళ్ల తరబడి నది నదికీ వదిలింది చేంబర్స్ క్రీక్ రకం స్టీల్‌హెడ్. టకోమా పక్కన ఒక వాగు చేపలు అవి. అందరికన్నా ముందు గుడ్లు పెట్టేవాటినే తరం తరం ఏరుకుంటూ వచ్చారు. ఎందుకు? ముందు పుడితే మేత మేపి ఏడాదికే సముద్రానికి పంపవచ్చు. నదిలో పుట్టిన పిల్లకు మామూలుగా రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అచ్చం కోళ్లఫారం లెక్క. ఇక ఒరెగాన్‌లో హుడ్ నది స్టీల్‌హెడ్ మీద చేసిన పరిశోధన 2007లో వచ్చింది. హేచరీలో పెంచిన ఒక్కో తరానికి, నదిలో పిల్లలను కని నిలబెట్టుకునే శక్తి సుమారు 40 శాతం పడిపోతోందని తేలింది. ఒక్కో తరానికి! ఆ చేపలే మళ్లీ నదిలో పుట్టిన వాటితో జత కడతాయి. దానం చేసిన చెప్పుల్లో మేకులు కూడా ఉన్నాయన్నమాట.

ఇప్పుడు ఎల్వా చేసిన పని వినండి. నాకు ఒళ్లు పులకరించేది ఇక్కడే. 2011లో ఆనకట్టలు కూల్చడం మొదలుపెట్టారు, 2014కు రెండూ పోయాయి. సుమారు 32 కోట్ల డాలర్లు ఖర్చు. వందేళ్లుగా ఆగిన ఇసుకా మట్టీ కిందకు దిగి, సముద్రం ఒడ్డున కొత్త తీరమే ఏర్పడింది. అప్పటికి ఈ నదిలో వేసవి స్టీల్‌హెడ్, అంటే వేసవిలో సముద్రం నుంచి తిరిగొచ్చే రకం, దాదాపు లేనట్టే. వాటి కోసం ఎవరూ హేచరీ పెట్టలేదు. కొన్నేళ్లకు ఈతగాళ్లు నీళ్లలో తల ముంచి లెక్కపెడితే వందల్లో కనిపించాయి! ఎక్కడి నుంచి వచ్చాయి?

స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ ఒకే జాతి చేప. అన్నదమ్ముల్లో ఒకడు ఊళ్లో ఉండిపోతాడు, ఒకడు అమెరికా వెళ్లి లావెక్కి తిరిగొస్తాడు, అంతే తేడా. ఆనకట్ట పైన చిక్కుకున్న ట్రౌట్లు వీసా దొరకని తమ్ముళ్లలా వందేళ్లు ఊళ్లోనే ఉండిపోయాయి. కానీ సముద్రం దారి వాటి రక్తంలోంచి చెరిగిపోలేదు. గోడ పడగానే వాటి పిల్లలు సముద్రానికి వెళ్లాయి, వేసవిలో తిరిగి వచ్చాయి. ఇది నా కవిత్వం కాదు, జన్యు పరీక్షల్లో తేలిన మాట. మేత వేసినవాడు లేడు. రెక్క కోసినవాడు లేడు. గోడ తీశారు, అంతే!

చినూక్ సంగతేమిటి అంటారు. అవును, ఎల్వాకు తిరిగొచ్చే చినూక్‌లలో చాలా ఎక్కువ భాగం ఇప్పటికీ హేచరీవే. నా మాటకు అదే సాక్ష్యం. వదిలేసిన చేప దానంతట అది లేచి నిలబడింది, చంకనెత్తుకున్న చేప ఇంకా దిగలేదు. ఒకే నది, ఒకే గోడ. రెండు చేపలనూ పోల్చకూడదు, వాటి బతుకులు వేరు అంటారు శాస్త్రజ్ఞులు. అననివ్వండి.

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నా గొంతు తగ్గుతుంది. ఈ నది లోయర్ ఎల్వా క్లాలమ్ అనే ఆదివాసీ జాతి వాళ్లది. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1855 ఒప్పందంలో వాళ్లకు చేపలు పట్టే హక్కు రాసిచ్చారు. అలాంటి హక్కుల కోసమే నిస్క్వాలీ అనే ఇంకో జాతికి చెందిన బిల్లీ ఫ్రాంక్ 14 ఏళ్లప్పుడు మొదటిసారి అరెస్టయ్యాడు, ఆ తర్వాత 50 సార్లకు పైగా. 1974లో జడ్జి బోల్ట్ తీర్పు చెప్పాడు, పట్టదగిన చేపల్లో సగం గిరిజనులవి అని. చేపే లేని నదిలో సగమంటే ఎంత? సున్నాలో సగం. అందుకే వాళ్లు హేచరీ కావాలంటారు. వందేళ్లు ఆగినవాళ్లను ఇంకో ముప్పై ఏళ్లు ఆగండి అనడానికి నేనెవరిని? ఆనకట్ట వెనక చెరువు ఖాళీ అయ్యాక, తమ జాతి పుట్టిందని వాళ్లు నమ్మే రాయి 2012లో మళ్లీ బయటపడింది. తాతలు చెప్పగా వినడమే తప్ప బతికున్నవాళ్లు చూడని రాయి. 2023లో, ఈ నదిలో చేపల వేట మీద నిషేధం మొదలైన 12 ఏళ్లకు, వాళ్లు ఇక్కడ మళ్లీ కోహో రకం సాల్మన్లు పట్టారు. కాబట్టి నా కోపం చెప్పులు తొడుక్కున్నవాళ్ల మీద కాదు. కాళ్లు కాలుతుంటే ఎవరైనా తొడుక్కుంటారు. చెప్పులు కుట్టించి, తోలు ఎక్కడిదో చెప్పనివాడి మీద.

అన్నగారూ, గులకరాళ్లు పడతావా అన్నారు కదా. నా గాలం కారు డిక్కీలోనే ఉంది. ఇక్కడ నాలాంటివాడు వేయకూడదు. రెండు గంటలుగా ఈ మడుగు వైపు చూస్తూ కూర్చున్నాను, ఒక్క చేపా పట్టలేదు, ఈ మధ్యకాలంలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను. అదిగో, ఆ నల్లరాయి కింద పొడుగ్గా నీడ. ఇందాకటి నుంచి రాయే అనుకుంటున్నాను. రాయి కదలదు కదా. బావా, మాట్లాడకండి, కెమెరా మెల్లగా అటు తిప్పండి. తోకకు కాస్త ముందు, వీపు మీద... రెక్క కనిపిస్తోందా?