లుక్లా నుంచి నామ్చే: మా గైడు నన్ను ఎన్నిసార్లు ఆపాడంటే...

ఈ షాట్ ఒకసారి చూడండి. విమానం దిగుతోంది కదా, ఎదురుగా కొండ. రన్‌వే అయిపోగానే గోడ. ఇదే లుక్లా, నేపాల్‌లో ఎవరెస్ట్ నడకదారి మొదలయ్యే ఊరు. పొడవు 527 మీటర్లు. మన శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు, అంటే అందులో ఇలాంటివి ఎనిమిది పడతాయి! పైగా ఇది చదునుగా కూడా ఉండదు. దిగిన విమానం ఎగువకి పరిగెడుతుంది కాబట్టి ఆగుతుంది. ఎగరాల్సింది పల్లానికి జారుకుంటూ వెళ్లి, అంచు దగ్గర లోయ మీదికి తేలిపోతుంది. మా బావమరిది "గోవిందా" అనడం ఆడియోలో వినిపిస్తుంది. ఆ తర్వాత "బావా, నా చెయ్యి వదులు" అన్నది కూడా వాడే. అది కట్ చేద్దామనుకున్నా, ఒప్పుకోలేదు.

ఎవరెస్ట్‌ని మొదట ఎక్కిన ఇద్దరిలో ఒకడైన ఎడ్మండ్ హిల్లరీ 1964లో ఇక్కడ విమానాలు దిగే ఏర్పాటు చేశాడు. కుందే ఊళ్లో ఆసుపత్రి కట్టాలి, సామాను రావాలి, రోడ్డు లేదు. నేల గట్టిపడటానికి షెర్పాలు వరసగా చేతులు పట్టుకుని, కాళ్లతో తొక్కుతూ ఆడారట. ఊళ్లో అరుగు వేసేటప్పుడు మట్టి తొక్కినట్టు అనుకోండి. ఇప్పుడైతే తారు వేసేశారు.

సరే, నడక మొదలైంది. లుక్లా ఎత్తు 2,860 మీటర్లు, ఆ రాత్రి పడుకునే ఫాక్‌డింగ్ 2,610. ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి బయల్దేరి, మొదటి రోజే కిందికి దిగడమేంటి? నాకు నచ్చలేదు. అలిపిరి 3,550 మెట్లు రెండుసార్లు ఎక్కినవాణ్ణి, ఆ ధీమాతో ముందుకి లగెత్తాను. వెనక నుంచి ఒకటే మాట: "బిస్తారీ, భాయ్, బిస్తారీ." మెల్లగా, తమ్ముడూ, మెల్లగా. మా గైడు. నేను ఆయన్ని దాయ్ అని పిలిచేవాణ్ణి, అంటే అన్నా అని. పేరు అడిగితే నవ్వాడు. ఇక్కడ చాలామందికి పుట్టిన వారమే పేరు. మంగళవారం పుడితే మింగ్మా, శుక్రవారమైతే పాసాంగ్, శనివారమైతే పెంబా. ఆడపిల్లయినా మగపిల్లాడైనా అంతే. టీ కొట్టు దగ్గర "పెంబా" అని పిలిస్తే ముగ్గురు తిరిగి చూశారు.

రెండోసారి ఆపింది మణి గోడ దగ్గర. "ఓం మణి పద్మే హుం" అని చెక్కిన రాళ్లు దారి మధ్యలో పేర్చి ఉంటాయి. అటువైపు దారి బాగుందని పోబోతే భుజం పట్టుకున్నాడు. గోడ ఎప్పుడూ మన కుడిచేతి వైపే ఉండాలి. గుళ్లో ప్రదక్షిణం చేసే మనకి ఒకరు చెప్పాలా అసలు! సిగ్గేసింది.

మూడోసారి గంటల చప్పుడు. జొప్‌క్యోలు వస్తున్నాయి. యాక్‌కీ ఆవుకీ పుట్టిన జాతి. మేం వెళ్తున్న నామ్చే ఊరికి దిగువన బరువులు మోసేవి ఎక్కువగా ఇవే, యాక్‌లు ఇంకా పై ఎత్తుల్లో. వీపుకి రెండు పక్కలా గ్యాస్ సిలిండర్లు. నేను ఫోన్ పట్టుకుని లోయ అంచున నిలబడి తీస్తున్నా. దాయ్ నన్ను ఇటు లాగి కొండకి ఆనించాడు. ఎప్పుడూ కొండవైపే నిలబడాలి. జంతువుకి నిన్ను తొయ్యాలని ఉండదు, కానీ దాని సిలిండర్ తోసేస్తుంది.

ఇప్పుడు ఈ కుర్రాణ్ణి చూడండి, జూమ్ చేస్తాను. వీపు మీద డోకో బుట్ట, దాని మీద నూడుల్స్ పెట్టెలు తలకంటే ఎత్తుగా. మనకి కావడి భుజం మీద ఉంటుంది, వీళ్ల బరువంతా నుదుటికి వేసుకున్న పట్టీ మీద. దాన్ని నామ్లో అంటారు. చేతిలో పొట్టి కర్ర, పైన అడ్డంగా చెక్క, అది తోక్మా. ఆగాలనుకుంటే బుట్ట దింపడు. దింపితే మళ్లీ ఎత్తుకోవడం కష్టం కదా. కర్రని వెనక్కి పెట్టి, బుట్టని దాని మీద ఆనించి, నిలబడే ఊపిరి వదులుతాడు, సన్నగా ఈల వేసినట్టు. పట్టీ కొంచెం పైకి జరుపుకున్నప్పుడు నుదుటి మీద తెల్లటి గీత కనిపించింది. నా వీపున ఉన్నది నీళ్ల సీసా, కెమెరా. నా పెద్ద బ్యాగు ఇంకెవరో మోస్తున్నారు. ఆ ఈల విన్నాక ఒక గంట సేపు నేనేం మాట్లాడలేదు.

రెండో రోజు మోంజో దగ్గర సాగర్‌మాథా నేషనల్ పార్క్ గేటు. 1976లో పెట్టిన పార్కు. సార్క్ దేశాల వాళ్లకి టికెట్ 1,500 నేపాలీ రూపాయలు, మన వంద అక్కడ 160 కాబట్టి పెద్ద బరువేం కాదు. ఆ తర్వాత వేలాడే వంతెనలు, కింద దూధ్‌కోశి నది, నిజంగానే పాల రంగు. చివరిది హిల్లరీ వంతెన. అది దాటాక దాదాపు 600 మీటర్లు నిలువునా ఎక్కాలి. మోకాళ్ల పర్వతం తెలుసుగా? అది అయిపోకుండా సాగుతూనే ఉందనుకోండి. ఇక్కడ నేను మళ్లీ తొందరపడ్డాను. దాయ్ రెండుసార్లు పిలిచాడు, విననట్టు నటించా. మిగతావాళ్లకంటే ముందే నామ్చే చేరాను, 3,440 మీటర్లు. వీడియోలో చేతులెత్తి అరుస్తున్నా చూడండి.

రాత్రి ఎనిమిదికి ఫుటేజ్ లేదు. తల పగిలిపోతోంది. అన్నం చూస్తే వికారం. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే, కానీ ఈ ఎత్తులో గాలి ఒత్తిడే తక్కువ, ఒక్కో ఊపిరికి అందేది సముద్రమట్టం దగ్గర అందే దాంట్లో మూడింట రెండు వంతులే. ఒళ్లు దానికి అలవాటు పడాలంటే రోజులు కావాలి. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దనేది అందుకే. దాయ్ తిట్టలేదు. వెల్లుల్లి సూప్ పట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "తాగు. రేపటికి తగ్గకపోతే కిందికే." అంతే. నిజం చెప్తున్నా, ఆ రెండో మాటకి సగం నొప్పి తగ్గింది.

మూడో రోజు విశ్రాంతి అన్నారు. విశ్రాంతి అంటే పడుకోవడం కాదట. ఎత్తుకి వెళ్లి, మళ్లీ దిగి కింద పడుకోవడం. తల తేలికపడింది కాబట్టి నన్నూ రానిచ్చాడు. 3,880 మీటర్ల దగ్గర ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా వెళ్లాం. ఎవరెస్ట్ కనిపించింది. అయితే ముందు నుప్‌త్సే, లోత్సే శిఖరాలు గోడలా అడ్డం, వెనక చిన్న నల్ల త్రికోణం. చూపంతా పక్కనున్న అమా దబ్లామ్ శిఖరం లాగేసుకుంది. మన పూర్ణ, ఆనంద్ 2014లో ఎక్కింది ఈ ఎవరెస్టే, కానీ టిబెట్ వైపు నుంచి. ఈ దారిన వాళ్లు రాలేదు.

తిరుగుదారిలో ఖుమ్‌జుంగ్. హిల్లరీ 1961లో పెట్టించిన బడి ఉన్న ఊరు. అక్కడ దాల్ భాత్. మిగతావి ఒక ప్లేటుతో సరి, ఇది మాత్రం అడిగినంత వడ్డిస్తారు. మా బావమరిది ఆవకాయ సీసా తీశాడు. దాయ్ ఒక బద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకుని, ఇంకోటి అడిగాడు. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. ఆయన నా ప్లేటు వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. కర్ర తీసుకుని లేచి, మూడు రోజుల్లో మొదటిసారి బిస్తారీ అనకుండా, "జామ్ జామ్" అన్నాడు. పదండి అని.