నారు ఇంట్లో పోస్తున్నారా? ముందు వెలుతురు చూడండి

(పెరటి తోటల మీద శ్రోతలతో సాగిన ఫోన్-ఇన్ కార్యక్రమం, వరంగల్. రోహిణి కార్తె ఆఖరి రోజులు.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. మృగశిర దగ్గర పడింది. డాబా మీదో, బాల్కనీలోనో, ఇంటి వెనకో నాలుగు కూరగాయ మొక్కలు పెట్టుకునేవాళ్ళు నారు పోసుకునే సమయం ఇది. కానీ బయట ఎండ ఇంకా మండిపోతోంది. మేడం, నారు ఇంట్లోనే పెంచుకోవచ్చా?

నిపుణురాలు: పెంచుకోవచ్చు. ఇప్పుడైతే అదే మంచిది కూడా. చల్లని దేశాల్లో చలికి భయపడి విత్తనాలు ఇంట్లో మొలకెత్తిస్తారు, మనకేమో ఎండతో భయం. టమాట మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీల వేడి చాలు. 42 డిగ్రీల ఎండలో డాబా మీద నల్ల ట్రే పెడితే అందులో మట్టి అంతకంటే ఎక్కువ కాగుతుంది. దానికి తోడు పిచ్చుకలు, చీమలు, ఉన్నట్టుండి వచ్చే గాలివాన. అందుకే మొలక వచ్చేదాకా ఇంట్లో నీడన పెట్టండి. మొలక కనిపించిన రోజు నుంచి మాత్రం వెలుతురు కావాలి. ఇళ్ళల్లో నారు పాడయ్యేది ఎక్కువగా ఈ దశలోనే.

వ్యాఖ్యాత: హన్మకొండ నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

హన్మకొండ శ్రోత: నమస్తే మేడం. మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. టమాట నారు పోశాను. వారం లోపే మొలిచింది, మస్తు సంతోషపడ్డాను. ఇప్పుడేమో దారాల్లాగా సాగి పడిపోతున్నాయి. నీళ్ళు చాలడం లేదేమోనని రెండు పూటలా పోస్తున్నాను. ఒకటే టెన్షన్.

నిపుణురాలు: ట్రే ఎక్కడ పెట్టారమ్మా?

హన్మకొండ శ్రోత: వంటింట్లో అరుగు మీద. కిటికీ ఉంది కానీ, అవతల పక్క బిల్డింగ్ గోడే.

నిపుణురాలు: ట్రే దగ్గరికి వెళ్ళి ఒక పని చేయండి. పడిపోయిన మొక్కను వేలితో మెల్లగా లేపి, కాడ మట్టిని ఆనుకున్న చోట చూడండి. అక్కడ మెత్తబడి, గోధుమ రంగుకు తిరిగి, నొక్కినట్టు సన్నబడి ఉందా? లేక కాడ పచ్చగానే ఉండి, పొడుగెక్కి వాలిపోయిందా?

హన్మకొండ శ్రోత: ఒక్క నిమిషం మేడం... చాలావరకు పచ్చగానే ఉన్నాయి. ఒక మూలన మాత్రం నాలుగైదు మెత్తగా అయిపోయాయి. పట్టుకుంటే ఊడి వస్తున్నాయి.

నిపుణురాలు: అయితే రెండు సమస్యలూ ఉన్నాయి. ఆ మూలవి నారుకుళ్ళు తెగులు. తడి ఎక్కువై గాలి ఆడకపోతే మట్టిలో ఉండే పితియం లాంటి సూక్ష్మజీవులు కాడ మొదటిని తినేస్తాయి. ఆ మొక్కల్ని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి పారేయండి, వేరే కుండీలో వేయకండి. ట్రేను వంటింట్లోంచి బయటికి తెచ్చాక, లీటరు నీళ్ళలో 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మిగిలిన మొక్కల మొదళ్ళు తడిసేలా పోయండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఆ తర్వాత మట్టి పైపొర ఆరేదాకా చుక్క నీళ్ళు పోయొద్దు.

హన్మకొండ శ్రోత: మరి పొడుగైనవి పనికిరావా?

నిపుణురాలు: టమాట కాబట్టి పనికొస్తాయి. దాని కాడకు మట్టి తగిలితే అక్కడా వేర్లు వస్తాయి. నాటేటప్పుడు కింది ఆకులు గిల్లేసి లోతుగా పెట్టండి. వంగ, మిరపను మాత్రం నారుగా ఎంత లోతులో ఉన్నాయో అంతే లోతులో నాటాలి. మీ ఇంట్లో పొద్దుటి ఎండ ఎక్కడ పడుతుంది?

హన్మకొండ శ్రోత: ముందు బాల్కనీలో మేడం, తొమ్మిదింటి దాకా.

నిపుణురాలు: అదే దానికి సరైన చోటు. కానీ ఇన్నాళ్ళూ నీడలో ఉంది, ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడతాయి. మొదటి రెండు రోజులు గంట సేపే ఉంచి, తర్వాత కొంచెం కొంచెం పెంచండి. పొద్దెక్కాక నీడకు జరపండి. నీళ్ళు పై నుంచి పోయకుండా, పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో ట్రేను ఓ పావుగంట ఉంచి తీసేయండి. రోజూ ఒకసారి ట్రే ఎత్తి చూడండి. తేలిగ్గా అనిపిస్తే తప్ప నీళ్ళు అక్కర్లేదు. ఎండ రాని ఇళ్ళవాళ్ళు ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటును మొక్కలకు జానెడు ఎత్తులో కట్టి రోజుకు 14 గంటలు వెలిగించొచ్చు. పైకప్పుకున్న లైటు వాటికి చాలదు.

వ్యాఖ్యాత: కాజీపేట నుంచి ఒక విద్యార్థి. అడుగు బాబూ.

కాజీపేట శ్రోత: మేడం, బెండ, బీర కూడా ట్రేలోనే పెంచి నాటొచ్చా?

నిపుణురాలు: బెండ, గోరుచిక్కుడు, చిక్కుడు నేరుగా కుండీలోనే విత్తు బాబూ. పీకి నాటితే వాటి వేరు దెబ్బతింటుంది. బీర, సొర, కాకర కూడా నేరుగా విత్తడమే మేలు. మరీ తొందరైతే కాగితం కప్పులో ఒక్కో గింజ పెట్టి, రెండు మూడు ఆకులు రాగానే కప్పుతో సహా అడుగు చింపి నాటు. ట్రే అవసరం టమాట, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్‌లకు. ఇంకో మాట. ప్యాకెట్ విత్తనం గులాబీ రంగులో ఉంటే దానికి మందు పట్టించారని గుర్తు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కో.

వ్యాఖ్యాత: ట్రేలో నింపే మట్టి గురించి చాలామంది అడుగుతున్నారు.

నిపుణురాలు: పొలం మట్టి ఒక్కటే నింపితే గట్టిపడిపోతుంది. కొబ్బరి పొట్టు, బాగా జల్లించిన వానపాముల ఎరువు సగం సగం కలిపితే సరిపోతుంది. కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టి, రెండు మూడు సార్లు కడిగి పిండండి. అందులో ఉప్పు ఉంటే మొలక రాదు. పచ్చి పెంట మాత్రం అస్సలు వద్దు. గింజ పైన అర సెంటీమీటరు మందం పొట్టు చాలు. చీమలు పడుతుంటే నీళ్ళ పళ్ళెంలో ఇటుక పెట్టి, దాని మీద ట్రే ఉంచండి.

వ్యాఖ్యాత: ఆదిలాబాద్ నుంచి ఉపాధ్యాయుడు ఒకరు.

ఆదిలాబాద్ శ్రోత: మేడం, పోయిన డిసెంబర్‌లో మిరప పోస్తే ఒక్కటీ మొలవలేదు. విత్తనంలోనే తేడా ఉందంటారా?

నిపుణురాలు: చలి వల్ల అయ్యుండొచ్చు సార్. మీ దగ్గర రాత్రిళ్ళు 10 డిగ్రీల కిందికి కూడా దిగుతుంది, అంత చలిలో మిరప మొలవదు. ఈసారి చలి ముదరకముందే, అక్టోబర్‌లో పోయండి. విత్తనం మీద అనుమానం ఉంటే ముందే తేల్చుకోండి. పది గింజలు తడిపిన నూలు గుడ్డలో చుట్టి, మూతపెట్టిన డబ్బాలో వెచ్చని చోట పెట్టండి. మిరపకు పది పన్నెండు రోజులు పడుతుంది. ధ్రువీకరించిన మిరప విత్తనానికి కనీస మొలక శాతం 60. పదిలో ఆరు కూడా రాకపోతే ఆ ప్యాకెట్‌ను నమ్ముకోవద్దు.

వ్యాఖ్యాత: చివరి కాల్, నర్సంపేట నుంచి.

నర్సంపేట శ్రోత: బిడ్డా, ఇంట్లో దాచిన చపాటా మిర్చి విత్తనం ఉంది. కొడుకు హైదరాబాద్‌ల ఉంటడు. నారు పెంచి పంపుదామనుకుంటున్న.

నిపుణురాలు: చాలా మంచి పని బాపూ. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటా అది. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ విత్తనం ఇళ్ళల్లో నిలబడాలి. మీ చేను పక్కన తేజ రకం మిర్చి ఉందా?

నర్సంపేట శ్రోత: ఉన్నది. గట్టుకు అవతలే.

నిపుణురాలు: అయితే తేనెటీగలు ఆ పుప్పొడి తెచ్చి కలిపేసే అవకాశం ఉంది. ఇప్పుడున్న విత్తనం పోయండి. కాయ చపాటాలా గుండ్రంగా రాని మొక్క నుంచి మాత్రం విత్తనం తీయొద్దు. వచ్చే ఏటి విత్తనం కోసం, మంచి మొక్క మీద మొగ్గలు విచ్చుకోకముందే ఒక కొమ్మకు పలుచని నూలు సంచి కట్టండి. పిందె పడ్డాక సంచి తీసేసి, ఆ కాయలకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి.

నర్సంపేట శ్రోత: నారు మీద దోమతెర కప్పితే పురుగు రాదా? ఆకుముడత అంటే భయమైతంది.

నిపుణురాలు: భయపడాల్సిందే. 2021లో నల్ల తామర పురుగు మన మిర్చి రైతుల్ని ఎంత ఏడిపించిందో మీకు తెలుసు. దోమతెర కన్నాలు పెద్దవి, ఆకుముడత తెచ్చే తెల్లదోమ, తామర పురుగు రెండూ దూరిపోతాయి. పలుచని నూలు చీర కప్పండి, లేదంటే నర్సరీల్లో వాడే సన్న కన్నాల నైలాన్ వల తెచ్చుకోండి. పొద్దుటి ఎండ లోపలికి తగలాలి.

నర్సంపేట శ్రోత: ఎన్ని రోజులకు పంపాలె? వంగ కూడా పంపొచ్చా?

నిపుణురాలు: మిరపకు 35 నుంచి 40 రోజులు, వంగకు 30 నుంచి 35. రెండూ ఒకేసారి పంపాలంటే వంగను అయిదు రోజులు ఆలస్యంగా విత్తండి. పంపే ముందు వారం రోజులు నీళ్ళు తగ్గించి, ఎండ పెంచి మొక్కను గట్టిపరచండి. ముందురోజు సాయంత్రం తడిపి, పొద్దున్నే ట్రేతోనే అట్టపెట్టెలో పెట్టి మొదటి బస్సుకు పంపండి. కిటికీ పక్కన ఎండలో పెట్టొద్దని చెప్పండి. మీ అబ్బాయిని ఆ సాయంత్రమే నాటమనండి, తెల్లారేదాకా ఆగొద్దు.